ఇసుక దిబ్బల నుంచి కనుమ దాకా: అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్‌తో ఒక ప్రయాణం

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు ఇసుక దిబ్బలు, తరవాత ఎత్తైన కనుమ, చివరగా రాళ్లు పరచుకున్న ఏటి పాయ దాటి రావాలన్నది మా ప్రయాణ పథకం. తోటివారి చర్చ టైర్ల చుట్టూ, వించ్ చుట్టూ తిరిగింది గానీ నాకు మాత్రం గేర్‌బాక్స్ ఆయిల్ వేడి గురించే ఎక్కువ ఆలోచన ఉండేది. అందుకే బయలుదేరే ముందే అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్, అంటే గేర్‌బాక్స్ ఆయిల్‌ను గాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిది, బిగించుకున్నాను. అయితే దాని ఫలితం మూడు చోట్లా ఒకేలా లేదు.

ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో మధ్యవర్తి ఆయిలే. బండి బరువు లాగుతూ నెమ్మదిగా కదులుతున్నప్పుడు, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే లాకప్ క్లచ్ ఇంకా పట్టుకోని వేగాల్లో, కన్వర్టర్ లోపలి జారుడులో వృథా అయ్యే శక్తి వేడిగా మారి ఆయిల్‌లో చేరుతుంది. చాలా బండ్లలో కంపెనీ ఇచ్చే కూలర్ రేడియేటర్ ట్యాంకులోనే ఇమిడి ఉంటుంది కనుక, 90 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండే కూలెంట్ కంటే ఆయిల్‌ను చల్లబరచడం దానికి సాధ్యం కాదు. మామూలు ప్రయాణంలో 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండే ఆయిల్, 120 దాటి చాలాసేపు నిలిస్తే త్వరగా పాడవుతుంది. ఆ తరవాత సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్లు మాడతాయి.

బిగింపు కోసం రెండు వర్క్‌షాపులను సంప్రదించాను. మొదటివారు ఏసీ కండెన్సర్ రేకుల గుండా ప్లాస్టిక్ పుల్లలు దూర్చి కూలర్‌ను కట్టేస్తామనీ, రేడియేటర్‌లోని పాత కూలర్‌ను పూర్తిగా తప్పిస్తామనీ చెప్పారు. బండి అదురుకు పుల్లలు ఒరుసుకుని కండెన్సర్‌కు చిల్లు పడే ప్రమాదం ఉంది. పాత కూలర్‌ను తప్పిస్తే చలి ప్రాంతంలో ఆయిల్ వేడెక్కడానికి చాలా సమయం పట్టి, అంతవరకు గేర్లు బరువుగా మారతాయి. రెండో వర్క్‌షాపువారు కూలర్‌ను లోహపు బ్రాకెట్ల మీద నిలబెట్టి, ఆయిల్ గేర్‌బాక్స్ నుంచి ముందు రేడియేటర్‌కు, అక్కడి నుంచి కొత్త కూలర్‌కు, ఆపైన తిరిగి గేర్‌బాక్స్‌కు చేరేలా కలిపారు. పలకలు పేర్చినట్లుండే రకాన్ని ఎంచుకుని, దానికి దాదాపు 80 డిగ్రీల దగ్గర దారి తెరిచే థర్మోస్టాట్ జోడించారు. లోపల గాలి చిక్కుకోకుండా హోస్‌లు తగిలించే మూతులను పైవైపు ఉంచారు. హోస్ కూడా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడికి తగినదే వాడారు (పెట్రోల్ హోస్‌తో సరిపెట్టే వారూ లేకపోలేదు). మా గేర్‌బాక్స్‌కు ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) లేదు కనుక, కొత్త కూలర్‌లో, హోస్‌లలో నిండేంత ఆయిల్ అదనంగా పోసి, తయారీదారు నిర్దేశించిన ఉష్ణోగ్రతకు అది చేరేవరకు ఆగి, చదునైన నేలపై ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్ విప్పి మట్టం సరిచూశారు. ఈ చివరి పని కోసం వారు తీసుకున్న సమయమే ఆ వర్క్‌షాపు మీద నాకు నమ్మకం కలిగించింది.

కూలర్ విలువ తెలిసింది ఇసుకలోనే. టైర్లలో గాలిని 16 పీఎస్ఐకి తగ్గించి, లో రేంజ్‌లో (వేగం తగ్గించి లాగుడు పెంచే గేర్ల వరుసలో) నడిపినా, మెత్తని ఇసుక బండిని నిరంతరం వెనక్కి లాగుతూనే ఉంటుంది. వేగం లేదు, గాలి లేదు, ఇంజన్ మీద భారం మాత్రం తగ్గదు. ఒక పొడవైన ఎక్కుడులో ఆయిల్ వేడిని చూపే నా స్కానర్ 98 డిగ్రీలు చూపినప్పుడు, అదనపు కూలర్ లేని అదే మోడల్ బండి 118కి చేరి ఆగవలసి వచ్చింది. ఆ తేడా అంతా కూలర్ పుణ్యమేనని చెప్పలేను, ఎందుకంటే ఆ బండిలో సామాను ఎక్కువ, నడిపేవారి కాలూ కాస్త బరువే.

అక్కడ బసకు రెండు చోట్లు ఉన్నాయి. దిబ్బ శిఖరం మీది విడిది నుంచి సూర్యాస్తమయం కనువిందు చేస్తుందనడంలో సందేహం లేదు, గదులూ శుభ్రంగా ఉన్నాయి. కానీ దినమంతా శ్రమపడిన బండిని ఆఖరి ఘడియలో అతి కఠినమైన ఎక్కుడు ఎక్కించి, వాలులో నిలపాలి. దిబ్బల అంచున ఉన్న గుడారాల శిబిరంలో అలంకారాలేవీ లేకపోయినా గట్టి చదును నేల, టైర్లకు గాలి నింపే కంప్రెసర్, కూలర్ రేకుల్లోని ఇసుక ఊదుకునేందుకు గాలి గొట్టం దొరికాయి. సొంత బండితో వెళ్లేవారికి నేను శిబిరాన్నే సూచిస్తాను.

కనుమ దారి మరో రకం పరీక్ష. 3,500 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ కనుక, కూలర్ ఎంత మంచిదైనా దాని గుండా సాగే గాలిలో వేడిని మోసుకుపోయే శక్తి తగ్గుతుంది. ముందు లారీల వరుస, వెనక నుంచి వీచే గాలి తోడవడంతో సూచిక 108కి ఎగబాకింది. దారి వెడల్పైన చోట ఆగి, ఇంజన్ ఆపకుండా గేరును న్యూట్రల్‌లో ఉంచితే కొద్ది నిమిషాల్లో దిగివచ్చింది; ఇంజన్ ఆపితే పంపు కూడా ఆగి, కూలర్‌లోకి ఆయిల్ చేరదు. కనుమ పైనున్న బసలో భోజనం, పడకలు పర్వాలేదు, నీళ్లు మాత్రం అరకొర. తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో బండి తీసినప్పుడు, ఆయిల్ త్వరగా వేడెక్కి గేర్లు సాఫీగా పడడం చూశాక థర్మోస్టాట్ ఎందుకన్న అనుమానం ఎవరికీ మిగలలేదు.

ఏటి పాయలో చెప్పుకోదగ్గదేమీ లేదు. లో రేంజ్‌లో నడక వేగంతో రాళ్లెక్కుతుంటే ఆయిల్ 90 దాటలేదు. ఇలాంటి దారులకే పరిమితమయ్యేవారు కూలర్ ఖర్చును టైర్లకు మళ్లించుకోవడం మేలు. ఇబ్బందల్లా బురదతోనే వచ్చింది: కూలర్ రేకుల మధ్య అది ఎండి గట్టిపడింది. ఒడ్డునే ఉన్న వాషింగ్ కేంద్రంలో అధిక పీడనపు నీటిధారను నేరుగా రేకుల మీదికి తిప్పబోతే వద్దని ఆపవలసి వచ్చింది, ఎందుకంటే ఆ పలుచని రేకులు ఇట్టే వంగిపోతాయి. కొంచెం అవతల ఉన్న చిన్న గ్యారేజీలో తక్కువ ధారతో, లోపలి నుంచి బయటికి కడిగి, హోస్ క్లిప్పులన్నీ ఒకసారి చూసి పంపారు.

వచ్చే ప్రయాణంలోనూ కనుమ దారి ఉంది కనుక, గాలి లేని ఎక్కుళ్ల కోసం కూలర్ వెనక ఉష్ణోగ్రత స్విచ్‌తో పనిచేసే విద్యుత్ ఫ్యాన్ ఒకటి, రెండో వర్క్‌షాపులోనే పెట్టించబోతున్నాను.