తెరచాప కయాక్‌కు ఏది మేలు: ఎత్తు కుర్చీయా పీటా, పెద్ద మోటారా చిన్నదా?

మా బావ, నేను కలిసి చెన్నైలో ఒక పాత కయాక్ కొన్నాం. పద్నాలుగు అడుగుల ప్లాస్టిక్ పడవ, పైన కూర్చుని తెడ్డేసే రకం. మూడు మీటర్ల కొయ్య, దానికో చిన్న తెరచాప, గాలికి పడవ పక్కకు జారిపోకుండా నీళ్లలోకి దించే పక్కచెక్క, వెనక చుక్కాని కూడా ఇచ్చారు. సీటు చిరిగిపోయి ఉంది, మోటారు లేదు. గొడవంతా అక్కడే మొదలైంది. బావకేమో ఎత్తు కుర్చీ, 55 పౌండ్ల తోపున్న బ్యాటరీ మోటారు కావాలి. నాకు పీటంత ఎత్తు సీటు, 30 పౌండ్ల మోటారు చాలు. రెండేళ్లలో అన్నీ మార్చి మార్చి బిగించి చూశాం.

మేం తిరిగేది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర బకింగ్‌హామ్ కాలువలో. సముద్రంలో అలలు విరిగే చోట ఈ పడవతో దిగే ధైర్యం నాకు లేదు, బావకు ఉన్నా మా అక్క ఒప్పుకోదు. ఈ కాలువ తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. పొద్దున్నే నేల మీది గాలి పడమటి నుంచి వీస్తుంది, మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది. ఏదైనా పడవకు పక్కగాలే. తెరచాపకు ఇంతకన్నా కలిసొచ్చేది ఇంకోటి లేదు, ఒకే గాలితో పోనూ వచ్చు, రానూ వచ్చు. రైలు, లారీ ఈ సరుకంతా ఎత్తుకుపోక ముందు ఉప్పు, కట్టెలు మద్రాసు చేర్చిన పడవలు కూడా తెరచాపలతోనే నడిచేవి. గాలి పడిపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు. మా మోటారు చేయాల్సింది ఆ తాడు లాగే మనిషి పనే. సరుగుడు తోపులు గాలికి అడ్డం వచ్చిన చోట, వంతెన కింద కొయ్య దించాల్సిన చోట, ఏప్రిల్, మే నెలల్లో దక్షిణపు గాలి కాలువ పొడవునా ఎదురు కొట్టినప్పుడు. అంతే దాని పని.

ముందు సీటు సంగతి. అల్యూమినియం చట్రానికి వల బిగించిన ఎత్తు కుర్చీలో కూర్చుంటే నడుముకు నిజంగా సుఖం. వీపుకు గాలి తగులుతుంది, ప్యాంటు తడవదు, గేలం వేయడానికి అనువుగా ఉంటుంది. నీళ్లలో ఉన్న వలల తేలుళ్లు దూరం నుంచే కనిపిస్తాయి. తెడ్డుతోనో మోటారుతోనో మాత్రమే తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే కొనుక్కోవచ్చు. బావ వాదన కూడా ఇదే: "యాభై దాటిన నడుము బామ్మర్దీ, పీట మీద ఎంతసేపు కూర్చుంటా?"

తెరచాప ఎత్తగానే లెక్క మారిపోతుంది. కుర్చీ మనిషిని పడవ అడుగు నుంచి అడుగు పైకి లేపుతుంది. ఎనభై కిలోల మనిషి అడుగు పైకి లేస్తే సన్నటి పడవకు ఎంత తేడానో ఒడ్డున నిలబడి చూస్తే తెలియదు. పైగా గాలి పెరిగినప్పుడు పిరుదులు జరుపుకుని గాలి వచ్చే వైపుకు ఒరగాలి. చేతులున్న కుర్చీలో ఎటూ జరగలేం. తెరచాప కింది వాసం అటు నుంచి ఇటు తిరిగేటప్పుడు తలకు తగలడం సరేసరి.

కిందటి ఫిబ్రవరిలో ఒక రోజు సాయంత్రం నాలుగున్నరకు బావ ఎత్తు కుర్చీలో, నేను గట్టు మీద. సరుగుడు తోపు పక్కన గాలి లేక తెరచాప తడిగుడ్డలా వేలాడుతోంది. బావ తెరచాపను పట్టి ఉంచే తాడు చేతికి చుట్టుకుని ధీమాగా కూర్చున్నాడు. తోపు అయిపోయిన చోట గాలి ఒక్కసారిగా తలుపు తోసినట్టు వచ్చింది. తాడు వదిలేస్తే తెరచాప ఖాళీ అయిపోయేది, కానీ అది చేతికి చుట్టి ఉందాయె. మూడు సెకన్లలో కొయ్య నీళ్లను తాకింది. ఛాతీ లోతే కాబట్టి నవ్వుకున్నాం. ఫోను మాత్రం బురదలోకి పోయింది. గట్టు మీద గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "ఏందయ్యా, కుర్చీ వేసుకోని ఈతకొట్టను పోతా ఉండారా?" అని అడిగాడు.

ఎత్తు కుర్చీ వద్దని కాదు. దాన్ని పెట్టుకోవాలంటే రెండు పక్కలా తేలే ఆసరా ఉండాలి. హోబీ కంపెనీ అడ్వెంచర్ ఐలాండ్ లాంటి పడవలకు ఆ పక్క తేలుళ్లు పుట్టుకతోనే వస్తాయి. మేం 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీటరున్నర చొప్పున రెండు ముక్కలు కోసి, రెండు చివర్లా మూతలు అతికించి, అడ్డవాసాలకు కట్టాం. ఒక్కో పైపు ముప్పై లీటర్ల నీళ్లను తోస్తుంది, అంటే పూర్తిగా మునిగే లోపు ముప్పై కిలోల దాకా బరువును ఆపుతుంది, అందులో పైపు సొంత బరువు తీసేయండి. దీంతో కుర్చీ పరవాలేదనిపించింది. అయితే పడవ వెడల్పు రెండు మీటర్లు దాటి, వలకొయ్యల మధ్య సందుల్లో దూరడం కష్టమైంది. నేను పైపులు విప్పేసి, మందపాటి ఫోమ్ పరుపుకు వీపు పట్టీ కుట్టించి వాడుతున్నా. అడుగున చిల్లుల చెక్కపలక ఒకటి వేస్తే కూర్చున్న చోట నీళ్లు నిలవవు. నా ఓటు తెరచాపకైతే పీటకే. నడుము నొప్పి ఉన్నవాళ్లు మాత్రం కుర్చీతో పాటు పైపులూ కట్టుకోండి, ఒకటి లేకుండా రెండోది వద్దు.

ఇక మోటారు. ఇలా బ్యాటరీతో నడిచే చిన్న పడవ మోటార్లను ట్రోలింగ్ మోటార్లంటారు. వాటి మీద రాసి ఉండే పౌండ్లు తోపుడు బలం, వేగం కాదు. 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోల తోపు, 55 అంటే పాతిక కిలోలు. రెండూ 12 వోల్టులవే. 30 పౌండ్లది పూర్తి జోరులో సుమారు 30 ఆంపియర్లు తాగుతుంది, 55ది 50 ఆంపియర్లు. మా పడవ పొడవుకు నీళ్లను చీల్చుకుపోయే వేగం గంటకు తొమ్మిది కిలోమీటర్ల దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. పైగా ఈ మోటార్ల రెక్కలు నిదానంగా తోయడానికి చేసినవి కాబట్టి అంతదాకా కూడా పోవు. గాలి లేనప్పుడు ఫోనులో చూస్తే రెండింటికీ తేడా గంటకు కిలోమీటరు, అంతే. మే నెల దక్షిణపు గాలికి ఎదురుపోయినప్పుడు మాత్రం బావ మాటే నెగ్గింది. చిన్నది ఏడుస్తూ పోతుంది, పెద్దది లెక్కచేయదు.

పెద్దది కొంటే దాని వెనక బ్యాటరీ కూడా పెద్దది కావాలి. బావ ముందు ఇన్వర్టర్‌కు పెట్టే 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ తెచ్చాడు. ముప్పై కిలోలు. దాన్ని మెత్తటి గట్టు మీద మోసుకుపోతుంటే ఇద్దరికీ మోకాళ్ల దాకా బురద. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. పైగా 100 అన్న అంకె ఇరవై గంటలు నిదానంగా వాడితే వచ్చేది. 50 ఆంపియర్లు లాగితే అంత రాదు. కాబట్టి పూర్తి జోరులో గంట కూడా గ్యారంటీ లేదు. అదీగాక తెరచాప పడవ ఒరుగుతుంది. మూతల్లో నీళ్లు పోసే రకం బ్యాటరీ పడవలో ఒరిగితే యాసిడ్ కారుతుంది. కచ్చితంగా లెడ్ యాసిడే కావాలంటే సీలు వేసినదే తీసుకోండి, గాలి ఆడని డబ్బాలో బిగించకండి. చార్జింగ్‌లో అది హైడ్రోజన్ వదులుతుంది.

నేను తీసుకున్నది 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఆరు కిలోలు, ఒక చేత్తో పట్టుకుపోవచ్చు. పది శాతం మిగుల్చుకున్నా 30 పౌండ్ల మోటారును పూర్తి జోరులో గంటన్నర నడుపుతుంది. అంటే నా ఆరు కిలోలు బావ ముప్పై కిలోల కన్నా ఎక్కువసేపు వచ్చాయి. ధర దగ్గర గుండె కొంచెం గట్టి చేసుకోవాలి. నాకు లిథియం ఒక్కో ఆంపియర్ అవర్‌కు లెడ్ యాసిడ్ కన్నా రెండున్నర రెట్లు పడింది. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లతో పడవ షెడ్డులోనే ఉంటుంది కదా, అప్పుడు లెడ్ యాసిడ్‌ను నెలనెలా చార్జి చేయకపోతే చచ్చిపోతుంది. లిథియంను సగం చార్జిలో వైర్లు పీకి పెడితే సంక్రాంతికి అలాగే ఉంటుంది. కొనేముందు లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, ఎన్ని ఆంపియర్లు నిరంతరం ఇవ్వగలదో అడగండి. ఈ-బైకుల నుంచి తీసి కట్టిన చవక ప్యాకులు ఎక్కువ లాగితే నడి కాలువలో కట్ అయిపోతాయి.

జోరు తగ్గించి వాడేటప్పుడు ఇంకో తేడా ఉంది. ఐదు గేర్ల మోటార్లలో చాలా వాటికి తక్కువ జోరు కోసం లోపల తీగచుట్టలు ఉంటాయి. మిగులు కరెంటు అక్కడ వేడిగా పోతుంది. మీట నున్నగా తిరిగి, పల్సులతో కరెంటు ఇచ్చే రకం సగం జోరులో బాగా మిగులుస్తుంది. ధర కొంచెం ఎక్కువైనా ఈ రెండోదే నయం. ఉప్పునీళ్ల మాట కూడా చూడండి. మిన్‌కోటా కంపెనీ మోటార్లలో ఎండ్యూరా మంచినీళ్లకు, రిప్‌టైడ్ ఉప్పునీళ్లకు. మా కాలువ నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి వచ్చిన ప్రతిసారీ మోటారును మంచినీళ్లతో కడగాలి, రెక్క విప్పి కడ్డీకి చుట్టుకున్న గేలం దారం తీయాలి. రొయ్యల గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేసే మెకానిక్ ఈ మోటారు సీలు పది నిమిషాల్లో మార్చేశాడు. ఉప్పు తిన్న మోటార్లు ఆయనకు రోజూ చూసేవే.

టార్కీడో కంపెనీ అల్ట్రాలైట్ 403 లాంటివి మోటారు, బ్యాటరీ కలిపి సుమారు 9 కిలోలే ఉంటాయి. 400 వాట్ల మోటారు, 915 వాట్ అవర్ల బ్యాటరీ. చూడటానికి ముచ్చటే. కానీ బ్యాటరీ పాడైతే ఆ కంపెనీదే తెప్పించుకోవాలి, మా ఏరేటర్ మెకానిక్ చేయి వేయలేడు. మోటారు బదులు కాళ్లతో తొక్కే హోబీ వాళ్ల మిరాజ్ డ్రైవ్ 1997 నుంచి ఉంది, అడుగున రెండు రెక్కలు పక్షిలా కొట్టుకుంటాయి. మా కాలువలో కొన్నిచోట్ల మోకాటి లోతే కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

వైరు దగ్గర కక్కుర్తి పడి నేనే ఒకసారి చెయ్యి కాల్చుకున్నా. ఇంట్లో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో మోటారు కలిపా. పది నిమిషాలకు తొడుగు మెత్తబడి వేలికి అంటుకుంది. ఇప్పుడు 10 చదరపు మిల్లీమీటర్ల తగరం పూత రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలో 40 ఆంపియర్ల బ్రేకర్. మోటారు వెనక బిగించాం, తెరచాప మీద పోయేటప్పుడు పైకి మడిచేస్తాం. నీళ్లలో వదిలేస్తే ఆ రెక్కే పడవకు బ్రేకు. బ్యాటరీ మాత్రం కొయ్య మొదట్లో, అడుగున పెట్టాలి. అదీ వెనకే పెడితే ముక్కు లేస్తుంది.

మిగతా సరంజామాలో లైఫ్ జాకెట్, విజిల్, ఫోనుకు నీళ్లు చొరని సంచీ మీద బేరమాడకండి. తర్వాత ఎక్కువ ఉపయోగపడింది బండి చక్రాలు. సన్నటి చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి, గాలి తక్కువ కొట్టిన లావు టైర్లవి తీసుకోండి. మూడు అడుగుల నీళ్లలో ఫిష్ ఫైండర్ దండగ. సోలార్ పలక కూడా తెచ్చాం, ఎండ బాగా ఉన్నప్పుడే దానిమీద తెరచాప నీడ పడుతుంది. కత్తి పెట్టుకోండి, కానీ రెక్కకు వల చుట్టుకుంటే కోయకండి. మోటారు ఎత్తి, నిదానంగా విడదీయండి. అది ఒకరి సాయంత్రం కూర.

బావ 55 పౌండ్ల మోటారు వృథా పోలేదు. తన రొయ్యల గుంటలో మేత చల్లే తెప్పకు దాన్ని బిగించాడు. లెడ్ యాసిడ్ బ్యాటరీ గట్టు మీద షెడ్డులో చార్జి పెట్టుకుంటాడు, ఆ తెప్పకు ముప్పై కిలోలు ఒక లెక్క కాదు. ఎత్తు కుర్చీ కూడా అక్కడికే పోయింది. పొద్దున రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలు ఎత్తి చూసేటప్పుడు అందులోనే కూర్చుంటాడు.