డీజిల్ పికప్‌ మైలేజీ: ట్యూనరా, కుడికాలా?

అమెరికాలో రామ్ 2500 లాంటి పెద్ద డీజిల్ పికప్ కొన్నవాళ్లు కిటికీ అద్దానికి అంటించిన స్టిక్కర్ మీద మైలేజీ అంకె కోసం వెతుకుతారు. ఉండదు. సరుకుతో కలిపి అనుమతించిన బరువు 8,500 పౌండ్లు దాటే పికప్పులకు ఆ అంకె వేయాలన్న రూలు లేదు. కాబట్టి లెక్క మనమే చూసుకోవాలి.

మైలేజీ పెరగాలని పెట్టించే ట్యూనర్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చే సరంజామా. వందల డాలర్ల ఖర్చు, పైగా వారంటీ టెన్షన్. బండి లాగుడు పెరుగుతుంది, నిజమే. ఆ సరదాకి యాక్సిలరేటర్ మీద కాలు ఇంకాస్త గట్టిగా పడుతుంది, ఆదా కాస్తా ఆవిరి! పొగ ఫిల్టర్ పీకేయించే రకమైతే క్లీన్ ఎయిర్ యాక్ట్ అనే అమెరికా కాలుష్య చట్టం ప్రకారం చట్టవిరుద్ధం కూడా. నేనైతే ఆ జోలికి పోను.

స్పీడు తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. గాలి అడ్డు వేగం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. గంటకు 75 మైళ్ల నుంచి 65కి దిగితే అది పావు వంతు తగ్గుతుంది. ఎత్తుగా, అటక పెట్టెలా ఉండే ఈ బండికి హైవే మీద అసలు శత్రువు గాలే. హ్యూస్టన్ నుంచి డాలస్‌కు, అంటే దాదాపు 240 మైళ్లకు, అరగంట ఆలస్యమవుతుంది, అంతే.

పనిలో పనిగా డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచేయండి. డ్యాష్‌బోర్డు అంకెను పక్కనపెట్టి, ట్యాంకు నింపిన ప్రతిసారీ తిరిగిన మైళ్లను పోసిన గ్యాలన్లతో భాగించండి.