విశాఖ–అరకు ఘాట్ రోడ్డు: ఊరికంటే దారికే మార్కులెక్కువ

అరకు వెళ్లొచ్చిన చాలామంది నోట వినిపించే మాట ఒకటుంది: "ఏముందక్కడ? ఒక మ్యూజియం, ఒక గార్డెను, బోలెడు ట్రాఫిక్కు." అందులో అబద్ధమేమీ లేదు. వాళ్లు పొద్దున్నే బయల్దేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా పదిన్నరకల్లా అరకు చేరి, అక్కడ పార్కింగ్ కోసం తిరిగి తిరిగి, చీకటి పడ్డాక ఘాట్ దిగి ఉంటారు. చూడాల్సిందంతా దారిలోనే వదిలేసి వెళ్లారన్నమాట. ఈ రివ్యూ ఆ దారి గురించే. ఐదుకు మార్కులు వేయాలంటే రోడ్డుకు నాలుగున్నర, అరకు ఊరికి రెండున్నర.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట (ఎస్.కోట) వరకు మామూలు మైదానం దారే. ఈ ముక్కలో మెచ్చుకోవడానికేమీ లేదు. పెందుర్తి ట్రాఫిక్‌లో ఇరుక్కోకూడదంటే ఐదింటికల్లా ఇల్లు కదలాలి. ట్యాంకు ఎస్.కోటలోనే నింపుకోండి. ఘాట్‌లో బండి ఎక్కువసేపు మొదటి, రెండో గేర్లలోనే నడుస్తుంది కాబట్టి మైలేజీ మీరు లెక్క వేసుకున్నంత రాదు. టైర్లలో గాలి కూడా అక్కడే చూసుకోండి. కొండ ఎక్కేముందు గాలి తగ్గించాలని కొందరు సలహా ఇస్తారు, అది వినొద్దు. డోరు ఫ్రేము మీద స్టిక్కర్లో ఎంతుంటే అంతే. ఐదుగురూ సామానూ ఉంటే ఫుల్ లోడ్‌కు రాసిన అంకె.

బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. కాశీపట్నం, టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, ఆ తర్వాత అరకు. ఇది జాతీయ రహదారి 516ఈలో భాగం. రాజమహేంద్రవరం దగ్గర మొదలై రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే రహదారి ఇది. విస్తరణ పనులు జరిగే చోట కొండను కొత్తగా కోస్తారు. అలాంటి చోట్ల వాన పడితే మట్టీ రాళ్లూ జారి రోడ్డు మీదికి వస్తాయి. కోసిన గట్టు కింద బండి ఆపి ఫొటోలు దిగడం ఈ దారిలో అందరూ చేసే మొదటి తప్పు.

మ్యాపులో కనిపించని సంగతి ఇంకొకటుంది. ఈ రోడ్డు అరకు దాకా ఎక్కుతూనే పోదు. మైదానం నుంచి వెయ్యి మీటర్లు దాటి గాలికొండ దాకా ఎక్కి, అక్కడినుంచి మళ్లీ దిగి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకు లోయలోకి చేరుతుంది. అంటే వెళ్లేటప్పుడూ ఒక దిగుడుంది, వచ్చేటప్పుడూ ముందొక ఎక్కుడుంది. ఎలక్ట్రిక్ కారు వాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే దిగేటప్పుడు రీజెన్ బ్రేకింగ్ (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) సరిగా పనిచేయదు. అరకులో ఫుల్ ఛార్జితో బయల్దేరినా గాలికొండ ఎక్కేసరికి కొంత ఖర్చవుతుంది కాబట్టి, అసలు దిగుడులో రీజెన్‌కు చోటు మిగులుతుంది.

ఎక్కడం పెద్ద కష్టమేమీ కాదు. లీటరు ఇంజను చిన్న కారులో ఐదుగురు కూర్చున్నా ఎక్కుతుంది, మూడో గేర్‌లో మూలుగుతూ లాగించకపోతే చాలు. ఇంజను గొణుగుతోందంటే గేరు తగ్గించాలని అర్థం. మరీ నిట్రమైన మలుపుల్లో ఏసీ ఆపితే చిన్న ఇంజనుకు కాస్త ఊపిరి ఆడుతుంది. ఏఎమ్‌టీ కార్లతో (మాన్యువల్ గేర్‌బాక్సునే యంత్రం మార్చే ఆటోమేటిక్) వేరే చిక్కు. సరిగ్గా హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే బిగుతు మలుపు) మధ్యలో అది తనంతట తాను గేరు మార్చుకుని బండిని ఒక్క క్షణం నీరసపరుస్తుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి మలుపుకు ముందే రెండో గేరు వేసుకోండి. ముందు లారీ ఆగితే ఏటవాలులో బండిని హాఫ్ క్లచ్ మీద నిలబెట్టొద్దు, హ్యాండ్‌బ్రేకు వేయండి. డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్‌ను యాక్సిలరేటర్‌తో పట్టి ఉంచడమూ అంతే, రెండు నిమిషాల్లో వేడెక్కిన హెచ్చరిక తెర మీద కనిపిస్తుంది. కాలిన వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వండి.

హెయిర్‌పిన్ దగ్గర ఆర్టీసీ బస్సుకు మొత్తం రోడ్డు కావాలి. అది డ్రైవరు మొండితనం కాదు, బస్సు పొడవు. పైనుంచి బస్సు వస్తోందని హారన్ వినపడగానే మలుపుకు ముందే ఆగండి. మలుపులోకి దూరాక ఆగితే మీకూ దారి ఉండదు, దానికీ ఉండదు. ఎడమవైపు బిగుతు మలుపులో మరీ లోపలికి కోసుకుపోతే వెనక ఎడమ చక్రం కాలువలో దిగుతుంది. ఈ ఘాట్‌లో స్థానికుల చేత బండి ఎత్తించుకునే పర్యాటకుల కథ ఎక్కువగా ఇదే. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికే ముందు దారి. దిగేవాళ్లే ఆగాలి.

ఆగాల్సిన చోట్లు మూడు. మిగతావి మీ ఓపికను బట్టి. డముకు దగ్గర లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఉదయం ఎనిమిదిలోపు చేరితే మబ్బు కింద, మీరు పైన. పదకొండు దాటితే అక్కడ కనిపించేది కార్ల వరుసే. డముకు మలుపును తేలిగ్గా తీసుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ పర్యాటకుల బస్సు అక్కడే లోయలో పడి నలుగురు చనిపోయారు. రెండోది గాలికొండ. పేరుకు తగ్గట్టే గాలి. చలికాలంలో కింద చెమట పట్టినా పైన స్వెట్టరు వేసుకోవాల్సిందే, వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల దాకా తేడా ఉంటుంది. మూడోది సుంకరమెట్ట కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు, నడవడానికి చెక్క వంతెన. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ స్టాలు చూసుకోండి. రోడ్డు పక్క పొట్లాల్లో చికోరీ ఎంతుందో రుచి చూసేదాకా తెలియదు.

బొర్రా గుహలు మంచివే, కానీ అనంతగిరి దగ్గర ప్రధాన రోడ్డు వదిలి పక్కకు వెళ్లాలి. గుహలు చూసి రావడానికి రెండు గంటలైనా వేసుకోండి. అక్కడినుంచి కటికి జలపాతానికి జీపులు మాట్లాడతారు. ఆ దారిలో మీ కారును దించొద్దు, అడుగు భాగం రాళ్లకు తగులుతుంది. ఒక్క రోజులో బొర్రా, కటికి, అరకు, అది దాటాక ఉండే చాపరాయి వాగు అన్నీ అయిపోవాలనుకుంటే ఏదీ సరిగా చూసినట్టుండదు.

బొంగు చికెన్ గురించి ఒక్క మాట. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె ఉండదు. బొంగులోని తేమే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది, అందుకే ఎండు బొంగు పనికిరాదు. సరిగా కాలడానికి అరగంటకు పైనే పడుతుంది. అడిగిన ఐదు నిమిషాల్లో చేతికొచ్చిందంటే ముందే వండి బొంగులో పోసినదే. ధర బరువును బట్టి ముందే మాట్లాడుకుని, కళ్లముందు కూరించి, ఈలోగా వ్యూ పాయింటు చూసి రండి.

ఇక దిగుడు. ఈ రోడ్డు డ్రైవరును పరీక్షించేది ఇక్కడే. ఏ గేర్‌లో ఎక్కారో అదే గేర్‌లో దిగాలన్న పాత లెక్క ఇప్పటికీ సరైనదే. బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఆ వేడి బ్రేకు ద్రవానికి చేరితే అది మరిగి లైనులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. డాట్ 3 రకం కొత్త ద్రవం మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలు. తేమ పీల్చిన పాతది 140కే మరగొచ్చు. డాట్ 4 రకం అయితే కొత్తది 230, పాతది 155. బ్రేకు ద్రవం రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. బ్రేకును ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదలండి, మిగతాది ఇంజను చూసుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ కాలపు ఇంజన్లు గేర్‌లో దిగేటప్పుడు ఇంధనాన్ని ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితే ఐడిలింగ్‌కు తాగుతూనే ఉంటాయి. అంటే మిగిలేదేమీ లేదు, పోయేది ఇంజను బ్రేకింగు. స్కూటర్ల మీద వచ్చేవాళ్లకు ఇంకో జాగ్రత్త: వేగం బాగా తగ్గినప్పుడు స్కూటరు క్లచ్ విడిపోయి ఇంజను పట్టు అసలే ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. మధ్యలో రెండుసార్లు ఆగి చల్లార్చుకోవాలి.

విశాఖలో అద్దెకు కారు తీసుకునేవాళ్లు ముందు నంబరు ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకిస్తే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ వస్తుంది. రానూ పోనూ 230, బొర్రా, చాపరాయి కలిపితే 280 దాకా అవుతుంది, కిలోమీటర్ల పరిమితి అంతకంటే ఎక్కువున్న ప్యాకేజీ తీసుకోండి. టైరు గాడి లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలు గానీ, వానల్లో ఘాట్‌కు 3 అయినా లేకపోతే వేరే బండి అడగండి. స్టెప్నీలో గాలి, జాకీ, వైపర్లు, పెడల్ గట్టిదనం చూసి, బండి చుట్టూ వీడియో తీసుకున్నాకే తాళం అందుకోండి.

ఎప్పుడు వెళ్లాలంటే నవంబరు, డిసెంబరు. వలిసె పూలతో లోయ పసుపు పచ్చగా ఉంటుంది. అయితే ఆదివారాలు, సంక్రాంతి సెలవులు వదిలేసి మంగళ బుధవారాలు చూసుకోండి. వానాకాలంలో పచ్చదనం ఇంకా బాగుంటుంది, పొగమంచూ ఎక్కువే. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. లో బీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. అద్దం మసకబారితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించండి. తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి, అలాంటప్పుడు అధికారులే ఘాట్‌లో రాకపోకలు ఆపేస్తారు.

మలుపులకు కడుపులో తిప్పేవాళ్లుంటే ముందు సీటు ఇవ్వండి, ఫోను చూడనివ్వొద్దు. ఎవోమిన్ లాంటి మాత్ర ఘాట్ మొదలవడానికి గంట ముందు వేసుకోవాలి, అది కూడా డాక్టరునో మందుల షాపులోనో అడిగి. నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి డ్రైవరు మాత్రం ముట్టకూడదు. తిరుగు దారిలో చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం డిక్కీలు తెరిపిస్తారు. చిరాకు పడొద్దు, దారిలో ఎవరైనా "ఈ సంచి విశాఖలో ఇచ్చేయండి" అంటే తీసుకోవద్దు.

రెండు రోజులు చేతిలో ఉంటే వచ్చిన దారినే తిరిగి రాకండి. అరకులో రాత్రి ఉండి, మర్నాడు పాడేరు మీదుగా వడ్డాది, చోడవరం వైపు దిగితే ఇంకో ఘాట్ దొరుకుతుంది. ఇటు వ్యూ పాయింట్లూ దుకాణాలూ తక్కువ, రద్దీ కూడా తక్కువే. మలుపులు మాత్రం అనంతగిరి కంటే ఇరుకు, కాబట్టి పాడేరులో మధ్యాహ్నం మూడుకల్లా కదలాలి. కిందికి దిగాక కాస్త పక్కకు వెళ్తే మాడుగుల వస్తుంది. గోధుమ పాలతో చేసే అక్కడి హల్వా రోజుల తరబడి నిల్వ ఉంటుంది, ఇంటికి అరకిలో కట్టించుకోవచ్చు.