ధర్మసాగర్ దారిలో మూడు రాత్రులు: సంఘ కాపరుల మౌన రిట్రీట్ ఎలా ఉంది?

వరంగల్‌లో ఒక క్రైస్తవ సంఘానికి 19 ఏళ్లుగా కాపరిగా (పాస్టరుగా) ఉన్న నేను, ఇన్నేళ్లలో వరుసగా మూడు రోజులు ఫోన్ ముట్టకుండా గడిపింది మొన్న జనవరిలోనే. హనుమకొండ నుండి ధర్మసాగర్ వెళ్లే దారిలో, గుట్టల పక్కన ఉన్న ఒక చిన్న విడిది ఇంట్లో కాపరుల కోసం, సువార్తికుల కోసం, సంఘ పెద్దల కోసం నెలకొకసారి మౌన రిట్రీట్ (సేవ పనులకు దూరంగా ప్రార్థనలో, విశ్రాంతిలో గడిపే విడిది) జరుగుతుంది. ఆదివారం ఆరాధనలతో అలసిన వారికి వీలుగా సోమవారం మధ్యాహ్నం మొదలుపెట్టి గురువారం ఉదయం ముగిస్తారు. భోజనం, వసతి కలిపి 1,800 రూపాయలు తీసుకుంటారు, ఇవ్వలేని వారిని అడగరు. ప్రచారం వద్దని నిర్వాహకులు కోరారు కాబట్టి పేరు రాయడం లేదు. ఈ జిల్లాల్లోని సేవకులను ఎవరిని అడిగినా చెబుతారు.

నేను ఎందుకు వెళ్లవలసి వచ్చిందో ముందు చెప్పాలి. మా సంఘాన్ని నిలబెట్టింది 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన కుటుంబాలు. మిల్లు మూతపడింది, ఆ కార్మికుల మనవలు ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. ఇక్కడే ఉన్న పిల్లలకు ఆదివారం ఉదయం కోచింగ్ పరీక్షలు ఉంటాయి. "ఈ వారం రాలేం అయ్యగారూ, మాక్ టెస్ట్ ఉంది" అని తల్లి ఫోన్ చేసినప్పుడల్లా, ఆ లోటు నా వల్లనే వచ్చిందన్నట్టు నేను మరో కూటం పెట్టాను, మరో ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాను, తెల్లవారుజామున నాలుగున్నరకే వాట్సాప్‌లో బైబిల్ వాక్యం పంపడం అలవాటు చేసుకున్నాను. కిందటి క్రిస్మస్ నాటికి ప్రసంగ పీఠం ఎక్కాక మొదటి వాక్యం నోటికి రాక నిలబడిపోయాను. సంఘం అది ప్రార్థన అనుకుంది.

విడిది ఇంట్లో అడుగుపెట్టగానే ఫోన్లు తీసుకుని, పేరు రాసిన గుడ్డ సంచిలో వేసి బీరువాలో పెడతారు. అత్యవసరమైతే ఇంటివారు పిలవడానికి ఒక నంబర్ ఇస్తారు. మొదటి సాయంత్రం అంతా నా చెయ్యి లాల్చీ జేబులోకి దానంతటదే వెళ్తూనే ఉంది. ఏమీ లేని జేబులో ఫోన్ కదిలినట్టు అనిపించేది. రెండో రోజు మధ్యాహ్నం దాకా అలాగే ఉండి, చెరువు వైపు నడిచి వచ్చాక ఆగింది. దేవాదుల పథకం గొట్టాల ద్వారా గోదావరి నుండి ఎత్తి తెచ్చిన నీళ్లు ధర్మసాగర్ చెరువులోకి వస్తాయి. అంత దూరం మోటార్లు తోసిన నీళ్లు ఇక్కడికొచ్చి అలుపు లేకుండా పరుచుకుని ఉంటే, గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

ఈ మూడు రోజుల్లో అన్నిటికంటే విలువైనది ఉపన్యాసాలు కావు, ఒక కాగితం. రెండో రోజు ఉదయం, విశ్రాంత కాపరి అయిన ఒక పెద్దయ్యగారు మాకు తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, గడిచిన వారంలో చేసిన పనులన్నీ రాయమన్నారు. నావి 37 అయ్యాయి. మందిరం కరెంటు బిల్లు, పాడైన యాంప్లిఫయర్ బాగు చేయించడం, ప్రేమవిందుకు గ్యాస్ సిలిండర్, సమాధుల స్థలం కోసం కార్యాలయం చుట్టూ తిరగడం, అన్నదమ్ముల భూమి పంచాయితీ, ఒక యువకుని కాలేజీ దరఖాస్తు, ఇద్దరు రోగుల దగ్గర ప్రార్థన. వాటిలో నేను తప్ప ఇంకెవరూ చేయలేనివి ఏవో గీత గీయమన్నారు. తొమ్మిదికి గీత గీయగలిగాను. అప్పుడు ఆయన బైబిల్లో నిర్గమకాండము 18వ అధ్యాయం తెరిచి, ఉదయం నుండి సాయంకాలం దాకా ఒక్కడే తీర్పు తీరుస్తున్న మోషేను చూసి మామ యిత్రో అభ్యంతరం చెప్పిన భాగం చదివించారు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను నియమించమన్న ఆ సలహా మీద నేనే ఎన్నోసార్లు ప్రసంగించాను. నా 37 పనుల కాగితం పక్కన పెట్టుకుని చదివింది మాత్రం ఆ రోజే.

పెద్దయ్యగారు ప్రతి ఒక్కరితో రోజుకు అరగంట విడిగా కూర్చుంటారు. నాతో ఎక్కువ మాట్లాడలేదు. "ఈ మూడొద్దులు నీ సంఘాన్ని ఎవరు చూస్తున్నరు బిడ్డా?" అని మాత్రం అడిగారు. ఎవరూ లేరని చెప్పబోయి ఆగాను. మంచం పట్టిన వారి ఇళ్లకు వారం వారం వెళ్లే ఇద్దరు స్త్రీలు గుర్తొచ్చారు. వారు ఆ పని ఏళ్ల తరబడి చేస్తున్నారు. నేను ఒక్కసారి కూడా ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి బాధ్యత అప్పగించలేదు, వారి కోసం సంఘం ముందు ప్రార్థించలేదు.

ఉపన్యాసాల విషయానికి వస్తే, అవి బలహీనంగా ఉన్నాయి. లౌకిక సంస్కృతిలో క్రైస్తవ నాయకత్వం అన్న అంశం మీద ఇచ్చిన పాఠం బయటి దేశాల ఖాళీ చర్చిల గురించి చెప్పి, అదే మన పరిస్థితి అన్నట్టు ముగిసింది. వరంగల్‌లో మన చుట్టూ ఉన్నవారు భక్తి లేనివారు కారు. మేడారం జాతర వస్తే జిల్లాలకు జిల్లాలే కదులుతాయి, రంజాన్ నెలలో మసీదులు నిండుతాయి. ఇక్కడ మనల్ని అలసటకు గురిచేసే లౌకికత వేరు. ర్యాంకుతో పిల్లవాణ్ణి, ప్యాకేజీతో అల్లుణ్ణి కొలిచే చూపు సంఘంలోకి వచ్చి, హాజరుతో, ప్రసారానికి వచ్చిన వ్యూలతో కాపరిని కొలుస్తుంది, కాపరి కూడా తనను తాను అలాగే కొలుచుకోవడం మొదలుపెడతాడు. ఈ మాట పాఠంలో లేదు. భోజనాల వేళ పరకాల నుండి వచ్చిన ఒక సువార్తికుడు తన సంఘం చిన్నదని చెప్పుకోవడానికి సిగ్గుపడినప్పుడు మాత్రం గదిలో అందరికీ అర్థమైంది.

భోజనం గురించి తప్పక రాయాలి. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, రాత్రికి చల్ల. వంట చేసే అవ్వ కంచం ఖాళీ కాకముందే వచ్చి "ఇంకింత తినుండ్రి అయ్యగారూ" అని వడ్డించేది. చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న బైబిల్ ప్రవక్త ఏలీయాకు దేవదూత మందలింపు తేలేదు, రొట్టె, నీళ్లు తెచ్చాడు, తిని పడుకున్నాక మళ్లీ లేపి తినమన్నాడు. ఆ రాత్రి తొమ్మిదికే నిద్రపోయాను.

పెద్ద లోపం ఒకటుంది. సేవకుల భార్యలకు ఇక్కడ చోటు లేదు. ఫోన్ నా దగ్గర లేని మూడు రోజులూ అన్ని ఫోన్లూ నా భార్యకే వచ్చాయని ఇంటికి వెళ్లాక తెలిసింది. పాస్టరమ్మ అలసట ఎవరి లెక్కలోకీ రాదు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు మన డోర్నకల్‌లో సేవకు సిద్ధపడే వారితో పాటు వారి భార్యలకూ శిక్షణ ఉండాలని పట్టుబట్టారు. వందేళ్ల క్రితం మన దగ్గరే జరిగిన పనిని ఇప్పుడు మరిచిపోవడం నాకు బాధ కలిగించింది. ఇంకొక లోపం, తిరిగి వెళ్లాక పలకరింపు లేకపోవడం. నెల తర్వాత ఒక్క ఫోన్ వచ్చినా ఎంతో మేలు.

అయినా తోటి సేవకులను వెళ్లమనే చెబుతాను. దుప్పటి, మందులు, పెద్దక్షరాల బైబిల్ తీసుకెళ్లండి. ప్రసంగాలు సిద్ధం చేసుకోవచ్చని పుస్తకాలు మోసుకెళ్లకండి. వచ్చిన తర్వాతి ఆదివారం ఆ ఇద్దరు స్త్రీలను సంఘం ముందుకు పిలిచి, చేతులుంచి ప్రార్థించి, రోగుల పరామర్శ వారికి అప్పగించాను. కరెంటు బిల్లు ఇప్పుడు కోశాధికారి కడుతున్నాడు. దంపతులకు ఒక విడత పెట్టమని నిర్వాహకులకు ఉత్తరం రాశాను, శ్రమల దినాల (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) తర్వాత చూస్తామన్నారు. పెడితే మొదటి రెండు పేర్లు మావే.