కూకట్‌పల్లి నుంచి బుక్ చేసిన బెర్లిన్ ఇల్లు: పదకొండు నెలల తర్వాత

పోయిన ఏడాది బెర్లిన్‌లో ఉద్యోగం ఖాయమయ్యాక కూకట్‌పల్లిలోని మా ఇంట్లో కూర్చునే ఒక సైటులో ఫర్నిచర్‌తో ఉన్న ఇల్లు బుక్ చేశాను. "చూడని ఇంటికి డబ్బు కడతావా అమ్మా?" అని నాన్న రెండు రోజులు అదే మాట. తాళం చేతికొచ్చిన 48 గంటల దాకా మొదటి నెల అద్దె సైటు దగ్గరే ఆగుతుందని, ఇల్లు ఫోటోల్లో ఉన్నట్టు లేకపోతే వెనక్కి ఇస్తారని చూపించాక ఆయన టెన్షన్ తగ్గింది. నాకూ అదే నచ్చింది. ఆఫీసులో అడిగిన ప్రతి ఒక్కరికీ ఆ సైటే చెప్పాను. వాళ్లలో ఇద్దరు బుక్ చేశారు కూడా. అందుకే ఇప్పుడు ఇది రాయడం నా బాధ్యత అనిపిస్తోంది.

ఇల్లు బాగుంది. ముందు ఆ మాట చెప్పాలి. ఇక్కడ రాత్రి పదింటికి, అక్కడ సాయంత్రం ఆరున్నరకి వీడియో కాల్‌లో చూపించిన పొయ్యి, హీటరు, మంచం అన్నీ అలాగే ఉన్నాయి. జర్మనీలో ఫర్నిచర్ లేని ఇల్లు తీసుకుంటే చాలాచోట్ల వంటింట్లో సింకు కూడా ఉండదు. దిగిన రోజే అన్నం వండుకోగలిగానంటే ఈ ఇంటి వల్లే.

నా బాధంతా ఒక్క కాగితం గురించి.

అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లో బ్యుర్గర్‌అంట్ అనే ఆఫీసుకు వెళ్లి చిరునామా నమోదు చేసుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. రెంటల్ అగ్రిమెంటు చూపిస్తే సరిపోదు. 'ఈమె ఫలానా తేదీన మా ఇంట్లో దిగింది' అని ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. 2015 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. సైటులో ఆ ఇంటి కింద 'రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు' అని పచ్చ టిక్కు ఉంది. దాన్ని నమ్మాను.

దిగిన మూడో రోజు ఆ కాగితం అడిగితే అప్పుడు తెలిసింది, నేను ఓనరు అనుకున్నాయన కూడా ఆ ఇంట్లో అద్దెకున్నాయనే. ఏడాది పాటు వేరే దేశం వెళ్తూ నాకు సబ్‌లెట్‌కి ఇచ్చారు. అసలు ఓనరు అనుమతి ఇంకా రాలేదు, వచ్చేదాకా సంతకం పెట్టనన్నారు. నా 48 గంటలు అప్పటికే అయిపోయాయి, అద్దె ఆయన ఖాతాలో పడిపోయింది. సైటుకు రాస్తే 'ఇది మీరూ ఇంటాయనా మాట్లాడుకోవలసిన విషయం' అని జవాబు. పగిలిన కిటికీ అయితే 48 గంటల్లో కనిపిస్తుంది. ఈ కాగితం గొడవ బయటపడటానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. నేను అంత మెచ్చుకున్న ఆ రక్షణ సరిగ్గా ఇక్కడే పనికిరాలేదు.

నమోదు కాకపోతే పన్ను నంబరు రాదు. అది లేకపోతే జీతంలో 'ఆరో పన్ను తరగతి' కింద కోస్తారు. అన్నిటికంటే ఎక్కువ కోత అదే. మొదటి జీతం స్లిప్పు చూసి కూలబడిపోయాను. నిజాంపేట ఫ్లాటు ఈఎంఐ, బెర్లిన్ అద్దె, దిగగానే కట్టిన 2,300 యూరోల డిపాజిట్ అన్నీ కలిసి మీద పడ్డాయి. ఆ నెల ఈఎంఐ నాన్న కట్టారు.

కాగితం ఇవ్వడం చట్టప్రకారం ఇల్లు ఇచ్చినవాళ్ల బాధ్యత అని, అద్దెకున్నాయన కూడా సంతకం చేయవచ్చని ఆఫీసులో ఒక సీనియర్ చెప్పారు. అదే మాట మర్యాదగా మెయిల్ రాశాక ఐదో వారంలో సంతకం వచ్చింది. బెర్లిన్‌లో ఏ బ్యుర్గర్‌అంట్‌కైనా వెళ్లవచ్చు కాబట్టి ఊరి రెండో చివర స్పాండావులో దొరికిన స్లాట్‌కి వెళ్లాను. ఆలస్యానికి జరిమానా వేయలేదు.

అంతటితో అయిపోలేదు. పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబరు ఉండదు, పోస్టుడబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు. మన దగ్గర 302 అని రాస్తే చాలు, వాచ్‌మన్ అయినా తీసి పెడతాడు. నా డబ్బా మీద ఇంటాయన పేరే ఉంది. ఉత్తరం వెనక్కి పోయింది. చివరికి పాస్‌పోర్టు పట్టుకుని పన్ను ఆఫీసుకే వెళ్లి నంబరు తెలుసుకున్నాను. ఆ సాయంత్రమే పేరు రాసి డబ్బాకి టేపుతో అంటించాను. రెండు నెలల్లో ఎక్కువ కోసిన పన్ను తర్వాతి జీతంలో తిరిగి వచ్చింది.

ఇంత జరిగినా ఆ సైటు వాడొద్దని చెప్పలేను. నేను ఒంటరిగా వెళ్లాను, చేతిలో కొంత దాచుకున్న డబ్బు ఉంది, కష్టానికి నాన్న ఉన్నారు. వెళ్లిన రోజు నుంచి నెత్తిన నీడ ఉండటం చిన్న విషయం కాదు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకైతే మాత్రం చెప్పను. ఆ కాగితం ఇస్తామని ముందే రాసిచ్చే సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో నెల రోజులు ఉండి, కళ్లతో చూసి ఇల్లు వెతుక్కోవడం వాళ్లకు మేలు. డబ్బు ఎక్కువవుతుంది, తెలుసు.

దసరాకి ఇంటికొచ్చాను. తమ్ముడు వచ్చే నెల మ్యూనిక్ వెళ్తున్నాడు, అదే సైటులో ఒక ఇల్లు చూసుకున్నాడు. డబ్బు కట్టబోతుంటే ఆపి, నిన్న రాత్రి ఇంటాయనకి మెసేజ్ పెట్టించాను: మీరు ఓనరా, అద్దెకున్నవారా? కాగితం మీద సంతకం ఎవరిది, ఏ రోజు ఇస్తారు? డబ్బా మీద పేరు ఎప్పుడు పెడతారు? మొదటి రెండిటికీ పొద్దున్నే జవాబు వచ్చింది. మూడోది ఇంకా రాలేదు. అదీ వచ్చాకే కట్టరా అన్నాను.