హత్య ఎక్కడ జరగాలి: బ్లెచ్లీలోనా, ఆర్లింగ్టన్‌లోనా?

రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల కోడ్‌లు ఛేదించిన అమ్మాయిల మధ్య ఒక హత్య పెట్టి నవల రాద్దామనుకునేవాళ్ళు తరచూ అడిగేది ఇదే: కథ ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్క్‌లో నడపాలా, అమెరికాలోని ఆర్లింగ్టన్ హాల్‌లోనా? రెండూ ఆ కోడ్‌లు ఛేదించిన రహస్య కేంద్రాలే.

పాత్రలే ముఖ్యమంటే ఆర్లింగ్టన్ హాల్‌దే పైచేయి. వర్జీనియాలోని ఆ ఆడపిల్లల కాలేజీని 1942లో సైన్యం తీసుకుంది. దక్షిణాది ఊళ్ళ నుంచి స్కూలు టీచర్లు రైలెక్కి వచ్చేశారు. నల్లజాతి ఉద్యోగులను వేరే విభాగంగా విడిగా కూర్చోబెట్టారు. పగలూ ప్రతీకారాలూ పుట్టడానికి అదొక్కటి చాలదూ! ఏం పని చేస్తున్నావని బయటివాళ్ళు అడిగితే పెన్సిళ్ళు చెక్కుతున్నామనేవాళ్ళట.

కానీ హత్య నవలకు ప్రాణం విచారణ. నా ఓటు బ్లెచ్లీకి పడేది అక్కడే. మామూలు కథలో అబద్ధమాడినవాళ్ళ మీదికి అనుమానం పోతుంది. ఇక్కడ దాచడమే చట్టం.

"రాత్రి రెండింటికి ఎక్కడున్నావమ్మా?"
"డ్యూటీలో అండీ."
"ఏం డ్యూటీ?"
"చెప్పకూడదండీ."

ఇన్‌స్పెక్టర్ పని అక్కడితో సరి. బ్లెచ్లీలో పని జరిగే షెడ్లను హట్‌లనేవాళ్ళు. హట్ 8లో జర్మన్ నౌకాదళపు ఎనిగ్మా (జర్మన్లు సందేశాలను కోడ్‌లోకి మార్చే యంత్రం) సందేశాలు ఛేదించేవాళ్ళు, హట్ 6లో సైన్యానివీ వైమానికదళానివీ. పక్క హట్ సంగతి లోపలివాళ్ళే అడగకూడదు. ఇక మిగిలేది చుట్టుపక్కల ఊళ్ళలో ఆ అమ్మాయిలకు గది ఇచ్చిన ఇంటావిడ. మూడు షిఫ్టుల్లో ఎవరు ఎప్పుడు తలుపు తట్టారో ఆవిడకు తెలుసు, ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు. 7,000 మంది దాకా ఉండే ఆర్లింగ్టన్ ఫార్మ్స్ హాస్టల్లో ఎవరి రాకపోకలు ఎవరికి పట్టాయి?

పైగా బ్లెచ్లీ శాఖలైన ఈస్ట్‌కోట్, స్టాన్‌మోర్‌లలో నౌకాదళపు అమ్మాయిలు నడిపిన 'బాంబ్' యంత్రాలున్నాయి; ఇవి పేలే బాంబులు కావు, ఎనిగ్మా అమరికను వెతికే యంత్రాలు. డ్రమ్ములు తిరిగే రొదలో కేక వేసినా వినపడదు. యంత్రం ఆగినప్పుడల్లా అక్కడి అక్షరాలు రాసి పంపాలి. నిందితురాలి చేతిరాతతో ఉన్న ఆ కాగితమే ఆమెను కాపాడగలిగేది. కోర్టులో చూపించడానికి వీల్లేనిదీ అదే. బ్లెచ్లీ రహస్యం లోకానికి తెలిసింది 1974లో. కథ రెండు కాలాల్లో నడిపేవాళ్ళు ఆ ఏడాదిని వదలొద్దు.

ఢిల్లీ ఆనంద్ పర్బత్ మీద శత్రువుల వైర్‌లెస్ సందేశాలు పట్టడానికి బ్రిటిష్‌వాళ్ళు నడిపిన కేంద్రం గురించీ కొందరు అడుగుతున్నారు. గూఢచారి నవలకైతే సరే, దీనికి వద్దు.