సెలవుల్లో చేపల వేటకి సముద్రమా, ఏరా, మొగా?

ఏప్రిల్ సగం దాటిందంటే హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి మా వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "పిల్లల్ని తీసుకొస్తున్నాం బావా, చేపలు పట్టడానికి ఎక్కడికి తీసుకెళ్తావు? కళింగపట్నమా, ఏటికా?" అని. శ్రీకాకుళం, విజయనగరం వైపు వేటకి ఎక్కడ బాగుంటుందో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఇది. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు.

ముందు ఒక విషయం. బడి సెలవులూ సముద్రంలో వేట నిషేధమూ దాదాపు ఒకేసారి వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజన్ బోట్లు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. అంచేత తెల్లారేసరికి ఒడ్డుకి బోట్లు బారులు తీరతాయి, గంపలకొద్దీ చేపలు దిగుతాయి అనుకుని వచ్చేవాళ్లకి నిరాశ తప్పదు. ఇంజన్ లేని తెప్పలకి, ఒడ్డు నుంచి లాగే వలలకి, గట్టు మీద గాలం వేసుకునేవాళ్లకి మాత్రం ఈ అడ్డు లేదు. మనకి మిగిలినవి అవే.

సముద్రం సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరానికి 28 మాత్రమే. కళింగపట్నం, బారువ, భావనపాడు, అటు చింతపల్లి, ఎక్కడికి వెళ్లినా చూడాల్సింది అలివి వల. తెప్ప మీద వెళ్లి వలని అర్ధచంద్రంలా పరిచి వస్తారు, రెండు తాళ్లూ ఒడ్డున పట్టుకుని రెండు జట్లు లాగుతాయి. పిల్లలు కూడా తాడు పట్టుకుంటామంటే ఎవరూ కాదనరు. వల సంచి ఒడ్డుకొచ్చేసరికి నెత్తళ్లు, కవళ్లు, మధ్యలో రెండు మూడు చుక్క పీతలు. కేరింతలే కేరింతలు. కానీ అది వాళ్ల వేట, మనం చూసేవాళ్లం. మనమే గాలం వేయాలంటే అలలు దాటేలా విసరాలి, దానికి రాడ్డూ రీలూ ఉండాలి, చెయ్యి తిరగాలి. పదేళ్ల పిల్లాడు విసిరితే గాలం వాడి కాళ్ల దగ్గరే పడుతుంది. ఇంకో పావుగంటకి గాలం పక్కన పెట్టి నీళ్లలోకి దిగుతాడు, అక్కణ్నుంచి మన టెన్షన్ మొదలు. మన తీరంలో లోపలికి లాగే నీటి పాయలు ఎక్కడ ఉన్నాయో ఊళ్లో జాలర్లకి తెలుస్తుంది గానీ మనకి తెలియదు.

ఏరు ఇంకో దారి. మే నెలకి నాగావళి, వంశధార రెండూ ఇసక మధ్య సన్నటి పాయలైపోతాయి, నీళ్లు ఎక్కడికక్కడ మడుగుల్లో ఆగుతాయి. చేపలూ అక్కడే చేరతాయి కాబట్టి పట్టడం తేలిక. వెదురు కర్ర, దారం, బెండు, గాలం ముల్లు ఉంటే సరిపోతుంది, ఖర్చు లేదు. ఎండాకాలంలో ఎరకి ఎర్రలు, అంటే వానపాములు, దొరకడమే కష్టం. పొడి నేల తవ్వితే రావు, నూతి గట్టు దగ్గర నీళ్లు పారే చోటో, అరటి చెట్టు మొదట్లోనో తవ్వాలి. దొరక్కపోతే గోధుమ పిండి ముద్ద. పరిగెలు, జిలేబీ చేపలు, జెల్లలు పడతాయి. జెల్లని గాలం నుంచి తీసేపని మాత్రం పెద్దవాళ్లే చెయ్యాలి. వీపు మీద ఒకటి, పక్కల రెండు ముళ్లుంటాయి, గుచ్చుకుంటే మంట గంటసేపు పోదు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెడితే తగ్గుతుంది.

ఏటిని తక్కువ చేసి చెప్పడం లేదు. ముఖలింగం దగ్గరో శాలిహుండం దగ్గరో పొద్దున్నే వంశధార ఒడ్డున కూర్చుంటే అంతకంటే హాయి లేదు. అయినా పిల్లలతో వెళ్లడానికి నేను వెనకాడతాను, కారణం ఇసక గోతులు. పైకి చూస్తే మోకాలి లోతు. రెండడుగులు వేస్తే ఇసక తవ్వేసిన గొయ్యి, మనిషి మునిగే లోతు. నీటి రంగు చూసి తెలుసుకుందామన్నా ఒక్కోసారి తెలియదు. గట్టు దిగకుండా కూర్చుంటే చాలు కదా అంటారు. ఏట్లో గట్టు ఎక్కడిది? నీళ్లు ఇసక మధ్యకి వెళ్లిపోయాక మనం కూర్చునేదీ ఆ ఇసకలోనే.

నా లెక్కలో అసలు చూడాల్సింది ఇదే. ఎన్ని చేపలు పడ్డాయన్నది కాదు, నీళ్లలో కాలు పెట్టకుండా పిల్లాడే తన చేత్తో పట్టగలడా అన్నది. ఆ లెక్కన మొగకే నా ఓటు. మొగంటే దాని పక్కనుండే ఉప్పుటేళ్లు కూడా. కళింగపట్నం దగ్గర వంశధార మొగ, కోనాడ దగ్గర చంపావతి మొగ, నౌపడ ఉప్పు మడుల వైపు వెళ్లే కాలవలు. ఇక్కడ వేట పీతలది, దానికి గాలం కూడా అక్కర్లేదు.

గట్టి పురికొస తాడు, దాని చివర చేప తలకాయో కోడి కాలో కట్టి, పక్కనే చిన్న రాయి. గట్టు మీంచి విసిరి తాడు వేలికి చుట్టుకుని కూర్చోవాలి. కాసేపటికి తాడు మెల్లగా బిగుసుకుని పక్కకి జరుగుతుంది. చేప కొరికితే బెండు గభాల్న మునుగుతుంది, పీత అలా కాదు, ఎరని పట్టుకుని తన దారిన నడిచి పోతుంది. పిల్లలు అప్పుడే తాడు లాగేస్తారు. మా వెంట వచ్చే ఊరి పెద్దాయన ప్రతిసారీ అరిచేది ఒకటే మాట: "లాగీకురా గుంటడా, మెల్లగ రానీ!" పీత తిండి మీద ఆశతో డెక్కతో పట్టిన ఎర వదలకుండా పైదాకా వస్తుంది, నీళ్లలోంచి బయటికి తేలగానే వదిలేస్తుంది. అందుకని పైకి తేలకముందే, జానెడు లోతులో ఉండగా, రెండోవాడు కిందినుంచి చేతి వల పెట్టి ఎత్తాలి. తాడు ఒకడిది, వల ఒకడిది. అన్నదమ్ములు ఒక్క గంటసేపు కొట్టుకోకుండా ఉండే పని ఇదొక్కటే చూశాను.

మొగలో కష్టం లేదని కాదు. సముద్రపు పోటు ఎక్కేటప్పుడు పీతలు కాలవల్లోకి వస్తాయి, అప్పుడే కూర్చోవాలి. పాటులో నీళ్లు దిగిపోయాక వెళ్తే బురద తప్ప ఏమీ ఉండదు. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. ఈ రోజు సాయంత్రం 4కి ఎక్కడం మొదలైతే రేపు 5కి కాస్త ముందు. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, గట్టు మీద కూర్చునే చోటు కూడా ముందే చూసుకోవాలి. ఊళ్లో ఎవర్ని అడిగినా టైము చెబుతారు. బురద గట్ల మీద ఆల్చిప్పలు కాళ్లు కోసేస్తాయి, చెప్పులు కాదు, బూట్లు కావాలి.

పట్టిన మండపీతని, అంటే బురదలో ఉండే పెద్ద పీతని, వెనక నుంచి, ఈత కాళ్ల మొదట్లో పట్టుకోవాలి. పెద్ద డెక్క పిల్లల వేలు నలిపేయగలదు, దాన్ని కట్టేదాకా పిల్లల్ని దూరంగా ఉంచండి. తర్వాత నీళ్ల బకెట్‌లో వేయకండి, నిలవ నీళ్లలో గాలి అందక చచ్చిపోతాయి. తడి గోనెసంచిలో నీడన ఉంచితే ఇంటికి వెళ్లేదాకా బతికే ఉంటాయి. చచ్చిన పీత కూరకి పనికిరాదు. మరీ చిన్నవాటిని అక్కడే వదిలేయండి, వాటిలో కండ ఉండదు. కిలోకి దగ్గరగా తూగేది పడితే మాత్రం మీ అదృష్టం. ఊరివాళ్లైతే దాన్ని కూర చేసుకోరు, వ్యాపారికి ఇచ్చేస్తారు.

చెరువు గురించి కూడా అడుగుతారు. చాలావాటిని సొసైటీలకో పాటదార్లకో ఇచ్చేస్తారు, అడగకుండా గాలం వేస్తే గొడవ. పొలం పీతలు వానలు పడ్డాకే బయటికొస్తాయి, అప్పటికి బడులు తెరిచేస్తారు.

ఐదారేళ్ల లోపు పిల్లలైతే మొగ వద్దు, తాడు పట్టుకుని అంతసేపు కూర్చోలేరు. పొద్దున్నే సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి అలివి వల చూపించి, ఎండెక్కకముందే తీసుకొచ్చేయండి. కాస్త పెద్దవాళ్లుండి, తీరానికి వెళ్లే వీలు లేని వాళ్లు ఏటికే వెళ్లండి. కాకపోతే ముందురోజు సాయంత్రం ఊరివాళ్లని ఒకర్ని వెంటబెట్టుకుని వెళ్లి, పిల్లలు కూర్చోబోయే మడుగులో కర్ర గుచ్చి లోతు చూసి రండి.